ముందు సీటు, ఎడమ చెయ్యి

ఎండ.

ముందు అద్దంలోంచి దిగిన ఎండ... ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే ముక్కగా పరుచుకున్న ఎండ.

దాని కింద ఒకే సీటు. గోధుమరంగు రెక్సిను. మధ్యలో గీత లేదు. గట్టు లేదు. నీది ఇక్కడిదాకా, నాది ఇక్కణ్ణుంచి అని చెప్పే కుట్టు కూడా లేదు.

ఎక్కి కూర్చుంటే ఒంటికి వెచ్చగా తగిలేది. కాసేపటికి ఏ వెచ్చదనం ఎండదో, ఏది పక్క మనిషిదో తెలిసేది కాదు.

ఆ సీటుని పీకేశారు.

ఎవరడిగారు?

అంత పొడుగు సీటులో ఆమె ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోలేదు. అటువైపు చోటంతా గాలికి వదిలేసి, ఆయన్ని ఒరుసుకుని కూర్చునేది. టాక్సీ స్టాండులో డ్రైవర్లకి అదో వేడుక. కొత్తగా పెళ్ళయినవాళ్ళు కూడా ఇలా కూర్చోరని, వదినని అన్నయ్యకి అంటుకట్టేశారని నవ్వుకునేవాళ్ళు. అన్నయ్య ఎటైనా పారిపోతాడని భయమా వదినా, అని ఒకడు మొహం మీదే అడిగాడు. ఓసారి ట్రాఫిక్ పోలీసు బండి ఆపి, అమ్మా, సీటు అంత ఖాళీగా ఉంది, మీకేమైనా చలా, అన్నాడు.

ఆమె నవ్వి ఊరుకుంది.

నవ్వి ఊరుకోవడం ఆమె ఉద్యోగంలో సగం.

మిగతా సగం — గేరు.

జాకీ జారిన రోజు నుంచి... బండి కింద ఆయన భుజం నలిగిన రోజు నుంచి... ఆయన ఎడమ చెయ్యి ఉండీ లేనిదే. చూడ్డానికి నిండుగా ఉంటుంది. గడియారం పెట్టించుకుంటుంది. పొడుగు చేతుల చొక్కా గుండీ పెట్టించుకుంటుంది. వేళ్ళు మాత్రం దేన్నీ పట్టుకోవు.

ఆ బండికి గేరు రాడ్డు నేల మీంచి రాదు. స్టీరింగు మెడ దగ్గర, ఎడమ పక్కకి కొమ్మలా పొడుచుకొచ్చి ఉంటుంది. స్టీరింగుకి ఆయన కుడి చెయ్యి. గేరుకి ఆమె కుడి చెయ్యి. ఆయన క్లచ్ తొక్కితే కాలు కదులుతుంది. ఆ కాలికి ఆనుకున్న ఆమె కాలికి తెలుస్తుంది. తెలిసేలోపే చెయ్యి కదిలిపోతుంది. పైకా, కిందికా... అది ఇంజను గొంతే చెబుతుంది.

మాట లేదు. సైగ లేదు. చూపు కూడా లేదు.

ఊరి చివర ఖాళీ మైదానంలో నేర్చుకున్నారు. గేరు తప్పు పడితే ఆయన తిట్టేవాడు. తిట్టు పడితే ఆమె తర్వాతి గేరు కావాలనే ఆలస్యం చేసేది. బండి గింజుకుని ఆగిపోయేది. మైదానం మధ్యలో ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకుని కూర్చునేవాళ్ళు... ఒకే సీటులో. ఎంతసేపని తిప్పుకుంటారు? మెల్లగా తిట్లు తగ్గాయి. పని కుదిరింది.

తర్వాత పోట్లాటలు రాలేదా? వచ్చాయి. రోజుల తరబడి మాటలు మానేసిన పోట్లాటలు. అప్పుడు కూడా బండెక్కితే కాళ్ళు మాట్లాడుకునేవి. ఇంట్లో ఎంత పంతమైనా ఆ సీటు మీద చెల్లేది కాదు.

ఇద్దరూ కలిస్తే ఒక డ్రైవరు.

లైసెన్సు మీద మాత్రం ఆయన పేరే.

వాళ్ళ కిరాయి అంతా కాన్పుల ఆసుపత్రి దగ్గర. కుట్లు పచ్చిగా ఉన్న బాలింతల్ని, సరిగా కళ్ళు తెరవని పసివాళ్ళని ఇంటికి చేర్చే పని. వేరే బండ్లలో గేరు మారినప్పుడల్లా కుట్టు కలుక్కుమంటుంది. ఈ బండిలో గేరు మారినట్టే తెలియదు. నిండు గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నా తొణకదు. బాధతో పెదవి కొరుక్కుంటూ ఎక్కిన ఆడపిల్లలు వీధి మలుపు తిరిగేసరికి నిద్రపోయేవాళ్ళు. అందుకే నర్సులు వేరే బండిని పిలిచేవాళ్ళు కాదు. అందుకే స్టాండులో ఆయనకి ఓ పేరు పడింది.

వెన్నచెయ్యి.

వెన్నచెయ్యి అన్నయ్య ఉన్నాడా? వెన్నచెయ్యి బండి ఖాళీయేనా?

ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఆమె చెప్పలేదు. చెబితే లైసెన్సు పోతుంది... అది పైకి చెప్పుకునే కారణం. చెబితే ఆయన తల దించుకోవాలి... అది అసలు కారణం. కూతురికి తెలుసు. పెళ్ళికి ముందే తండ్రి ఆ పిల్ల చేత మాట తీసుకున్నాడు. అల్లుడికి ఈ సంగతి తెలియకూడదు. అల్లుడి ముందు మామ చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలి.

కూతురు మాట నిలబెట్టుకుంది.

అదే కొంప ముంచింది.

అల్లుడు మంచివాడు. తిట్టుకోవడానికి కూడా వీల్లేనంత మంచివాడు.

కార్ల షోరూములో పని. పొద్దస్తమానం కొత్త కార్ల తలుపులు తెరిచి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి చూపిస్తాడు. ముందు రెండు కుర్చీలు, మనిషికొకటి. ఒరిగిపోకుండా అటూ ఇటూ గట్లు. మధ్యలో ఒక పెట్టె — గ్లాసులకి గుంటలు, ఫోనుకి అర, మోచేతికి మెత్త. ఎవరి చోటు వాళ్ళదండి, ఒకరికొకరు తగలరు, అంటాడు. వరమిచ్చినట్టు అంటాడు.

తగలకపోవడం ఎప్పటి నుంచి సుఖమైంది?

వీధిలోకి చూడండి. వచ్చే కారు, పోయే కారు. మొగుడొక గుంటలో, పెళ్ళామొక గుంటలో. మధ్యలో ప్లాస్టిక్ గోడ. ముందు ముగ్గురు కూర్చునే సీటు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అమ్మకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని, రోడ్డంతా తమ కోసమే ఎదురొస్తోందనుకుంటూ కూర్చున్న చోటు... అక్కడిప్పుడు రెండు చల్లటి గ్లాసులు కూర్చుంటున్నాయి. దర్జాగా. మూతలు పెట్టుకుని.

క్షేమం కోసం అంటారు. సరే, బెల్టు కట్టండి. ఎన్ని కావాలంటే అన్ని కట్టండి. బెల్టుకి గోడెందుకు?

ఎవరికి వారే యమునా తీరే... దానికో లోను, నెలనెలా వాయిదా.

కూతురి కాన్పుకని తల్లీ తండ్రీ ఇద్దరూ ఆసుపత్రిలోనే ఉండిపోయారు. బండి కడిగించి తెస్తాను మామయ్యా, అని అల్లుడు తాళాలు పట్టుకెళ్ళాడు. కడిగించలేదు. సీట్లు కుట్టే షాపుకి తీసుకెళ్ళాడు. పొడుగు సీటు ఊడదీయించాడు. రెండు కొత్త కుర్చీలు బిగించాడు. మధ్యలో పెట్టె. కొడుకు పుట్టిన సంతోషంలో, తన జీతంలోంచి, మామగారికి బహుమానం.

షాపు నుంచి తనే నడుపుకుంటూ తెచ్చాడు. అతనికేం... రెండు చేతులున్నాయి.

కూతుర్ని ఇంటికి పంపించిన రోజు ఆసుపత్రి గేటు ముందు బండి తళతళలాడుతోంది. అల్లుడు తలుపు తెరిచి, ఎలా ఉంది అన్నట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు.

మొదట చూసింది కూతురు. పసివాణ్ణి గుండెకి అదుముకుని తల్లి వంక చూసింది. తల్లి తండ్రి వంక చూసింది. తండ్రి ఆ కుర్చీల వంకే చూస్తున్నాడు.

స్టాండు డ్రైవర్లు మూగారు. పెట్టె మూత తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. ఇలాంటి అల్లుడు దొరకాలంటే పెట్టి పుట్టాలన్నాడొకడు. ఇన్నాళ్ళకి అన్నయ్యకి ఊపిరాడే చోటిచ్చావయ్యా అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఈసారి ఆమెకి నవ్వు రాలేదు.

ఆయన ఒక్క మాట అంటే చాలు. బాబూ, ఇవాళ నువ్వు నడుపు... అంతే చాలు. అనలేదు. గడియారమున్న చేతిని ఒళ్ళో సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆమె తన గుంటలో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. వంగి చెయ్యి చాపితే గేరు వేళ్ళ చివరికి అందింది.

కాలికి మాత్రం ఏమీ అందలేదు.

అక్కడ పెట్టె ఉంది.

మొదటి గేరు గుడ్డిగా పడింది. బండి ఎగిరిపడింది. వెనక కూతురు మూలిగింది. రెండోది ఆలస్యమైంది. ఇంజను కింద ఎక్కడో ఎముకలు నమిలిన చప్పుడు. మళ్ళీ మూలుగు. పసివాడు లేచి ఏడుపందుకున్నాడు. వెన్నచెయ్యి బండిలో... ఎవరెవరి పిల్లలో నిద్రపోయిన బండిలో... సొంత కూతురు పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

అల్లుడు భార్య భుజం పట్టుకున్నాడు. కొంచెం మెల్లిగా మామయ్యా, అన్నాడు. తర్వాత ముందుకి వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అత్తయ్యా, గేరు జోలికి వెళ్ళకండి. మామయ్యని నడపనివ్వండి."

ఆమె ఆయన వంక చూసింది.

ఆయన రోడ్డు వంక చూశాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుంది. సరే. నడపనీ.

వంతెన ఎక్కుతోంది బండి. ఎత్తు. ఇంజను గొంతు బరువెక్కింది. కింది గేరు కావాలి. అది ఆమెకి తెలుసు, ఆయనకి తెలుసు, వెనక కూతురికి తెలుసు. బండి వణికింది... ఇంకోసారి వణికింది... వంతెన నడిమధ్య ఆగిపోయింది.

వెనక హారన్లు.

"నాన్నా," అంది కూతురు. "చెప్పెయ్యి."

ఏం చెప్పాలన్నాడు అల్లుడు. ఆయన చెంప మీద చెమట గడ్డం దాకా జారింది. తుడుచుకోవాలంటే కుడి చెయ్యి స్టీరింగు వదలాలి. వదల్లేదు. నోరు కూడా విప్పలేదు.

ఆమె వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. పిల్ల కుట్లకంటే పెద్దదా ఈ పరువు? ఇంతమంది హారన్లకంటే పెద్దదా?

బెల్టు విప్పింది. కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుంది. గట్టు మీంచి కాలు దాటించి, వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది. మూత ఫెళ్ళుమంది.

"అత్తయ్యా, అది విరిగిపోతుంది."

"విరగనీ బాబూ."

కాలు కాలికి ఆనింది.

అంతే. ఆయన తాళం తిప్పాడు. క్లచ్ తొక్కాడు. ఆమె చెయ్యి అప్పటికే కదిలిపోయింది. బండి జారిన పట్టుబట్టలా వంతెన దిగింది. పసివాడు ఏడుపు మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. కూతురు తల వెనక్కి వాల్చింది.

అల్లుడు మాత్రం ఆమె భుజం మీంచి చూస్తూనే ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే గేరు మీదికి వెళ్ళొస్తున్న అత్తగారి చెయ్యి. ఒళ్ళో నిద్రపోతున్న మామగారి చెయ్యి.

మర్నాడు పొద్దున్నే సీట్ల షాపుకి ఫోను చేశాడు. పాత సీటు ఇనుప చట్రం పాత ఇనుప సామాన్లవాడు పట్టుకుపోయాడట. స్పాంజి చింపి దిండ్లలో కుక్కేశారట. కొత్తది చేసిపెట్టండి అంటే, అలాంటివి ఇప్పుడెవరు చేస్తారండీ, అని నవ్వారట.

ఎవరూ అడగరు కాబట్టి చెయ్యరట. ఎవరూ చెయ్యరు కాబట్టి జనం అడగడం మర్చిపోయారు. బాగుంది లెక్క.

అల్లుడు తప్పు దిద్దుకోవాలనుకున్నాడు. ఇంకా మంచివాడైపోయాడు. మామగారి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, గేరే లేని కారుంది మామయ్యా, అన్నాడు. దానంతటదే మార్చుకుంటుంది. ఒక్క చెయ్యి చాలు. మీ సంగతి మూడో మనిషికి తెలియక్కర్లేదు.

"అత్తయ్య ఇక హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

వంటింట్లో గిన్నె తోముతున్న ఆమె చెయ్యి ఆగింది.

హాయిగా.

ఇంట్లో.

ఊళ్ళో ప్రతి ఎత్తునీ, ప్రతి గుంతనీ మోకాలితో గుర్తుపట్టే మనిషి. ఎందరో బాలింతల నొప్పిని తన అరచేతిలో అణిచిపెట్టిన మనిషి. ఆ పనంతా దానంతటదే చేసుకునే యంత్రం వచ్చిందట. హాయిగా ఉండాలట. పొమ్మనలేక పొగబెట్టడం అంటే విన్నది గానీ, పొగ ఇంత తియ్యగా ఉంటుందని తెలియదు.

అల్లుడి మీద కోపం రాలేదు. పిల్లవాడు, చూసింది అంతే. ఆ పక్కన కూర్చుని, కాదు అనకుండా, ఔను అనకుండా, గోడ వంక చూస్తున్నాడే... ఆ మనిషి మీద ఒళ్ళు మండింది. వెన్నచెయ్యి అని పిలిస్తే పలికిన మనిషి మీద. గేరు జోలికి వెళ్ళకండి అంటే పలకని మనిషి మీద.

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. ఒక బాలింత గేటు దగ్గర కూర్చుని ఉంది. ఆ బండే కావాలంటోంది.

వస్తున్నానన్నాడాయన. లేచాడు. తాళాలు తీశాడు. ఇన్నేళ్ళూ అంతే — తాళాలు గలగలమంటే ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని వెనకే నడిచేది. పిలవక్కర్లేదు.

తాళాలు గలగలమన్నాయి.

ఆమె కదల్లేదు.

మళ్ళీ గలగల.

ఆమె తోమిన గిన్నెనే తోముతోంది.

ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనక అల్లుడు. గదిలో మంచం మీద కూతురు తలెత్తింది. నోరు తెరిచి రమ్మనడం ఆయనకి అలవాటు లేదు. ఆ అవసరం ఆ సీటు ఎన్నడూ రానివ్వలేదు. గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు.

"వెన్నచెయ్యి నాది కాదు బాబూ. మీ అత్తయ్యది." అల్లుడి వైపు తిరగకుండానే అన్నాడు. తర్వాత ఆమెతో, "నువ్వు లేందే బండి కదలదు. రా," అన్నాడు.

నీళ్ళు కట్టేసింది ఆమె. చేతులు తుడుచుకుంది... ఒక్కో వేలూ, నెమ్మదిగా. ఎన్నేళ్ళుగానో వినాల్సిన మాట. వచ్చింది. కూర్చునే చోటు పోయాక వచ్చింది.

"పక్కన చోటేదండీ?" అంది.

ఆయన తాళాల వంక చూశాడు.

ఫోను మళ్ళీ మోగుతోంది.

బయట బండి మీద ఎండ... ముందు అద్దంలోంచి దిగి, ఈ కుర్చీలో కొంత, ఆ కుర్చీలో కొంత. మధ్యలో, పగిలిన మూత అంచు మీద, గీతలా...

ఎండ.