వంటింట్లో రెండో మనిషి

ఇంట్లో చేసిన తిండి అమ్ముకోవడానికి కూడా లైసెన్సు ఉండాలని బేకరీ యజమాని చెప్పినప్పుడు కోడలికి నవ్వొచ్చింది. అప్పటిదాకా ఆ ఇంటి నారింజ జామ్ పక్క ఫ్లాటువాళ్లకీ, వాళ్ల చెల్లెలికీ, ఆ చెల్లెలి ఆఫీసులో వాళ్లకీ చేతులు మారుతూ వెళ్లిపోతూనే ఉంది. కాగితం చూపించమని అడిగిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు.

"మీ జామ్‌కి వంక పెట్టడం లేదమ్మా. కానీ కాగితం లేని సరుకు నా షాపులో పెడితే, లైసెన్సులిచ్చే ఆఫీసువాళ్లొచ్చి జామ్‌తో పాటు నా షాపుకీ తాళం వేస్తారు" అన్నాడాయన.

తను పనిచేసే బట్టల దుకాణం మూతపడి కోడలు ఖాళీగానే ఉంది. భర్త లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఎప్పుడో ఒకనాడు ఇంటికొచ్చే మనిషి. నవ్వు మానేసి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ జామ్ చేసేది కోడలు కాదు, అత్తగారు. కోడలు పళ్లు ఏరి తెచ్చేది, సీసాలు మరిగే నీళ్లలో వేసి తీసి ఆరబెట్టేది, ఫోన్లలో బేరాలు మాట్లాడేది. నారింజ తొక్కని దారప్పోగుల్లా తరగడం, నానబెట్టి చేదు నీళ్లు పారబోయడం, పొయ్యి దగ్గర నిలబడి పాకం కనిపెట్టడం మాత్రం ఆవిడ వంతు. గరిటె అంచున మిగిలిన చుక్కని ఊది ఊది చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి విడదీసేది. సన్నటి తీగ సాగి, తెగకుండా ఒక్క క్షణం నిలబడిందా, "దించెయ్ అమ్మాయ్" అనేది. ఆ క్షణం కోడలి కంటికి ఎప్పుడూ ఆనేది కాదు. ఆవిడ దించమంటే దించేది, అంతే.

ఆవిడ వేళ్ల సందుల్లో చర్మం పొలుసులు పొలుసులుగా లేస్తుంది. చలికాలం వస్తే పగుళ్లు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని డాక్టరు ఏనాడో చెప్పాడు. ఆ చేతులతోనే మొగుడికి వండిపెట్టింది, కొడుకుని పెంచింది. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో జ్వరం తెచ్చుకుంటే, ఆ చేతులే తల నిమిరాయి.

దరఖాస్తు పెట్టినవాళ్లందరికీ ఒక పూట క్లాసు జరిగింది. జుట్టుకి టోపీ పెట్టుకోవాలన్నారు, ఉంగరాలు తీసెయ్యాలన్నారు, కుక్కనీ పిల్లినీ వంటింటి ఛాయలకు రానివ్వకూడదన్నారు. ఆపైన ఇంకో మాట కూడా చెప్పారు. ఇంట్లోవాళ్లు ఎవరైనా సాయం పట్టేటట్టయితే రెండో మనిషిగా వాళ్ల పేరూ రాయించాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి తెస్తే చాలు అని. ఈ మాట కోడలు వినలేదనుకోవడానికి లేదు. ముందు వరసలోనే కూర్చుంది, శుభ్రంగా వింది.

బస్సులో ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఆ మాట చుట్టూ ఇంకేవేవో చేరాయి. ఆ చేతులు చూసి డాక్టరు కాగితం ఇవ్వనంటే? పని ఆగిపోతే? బేకరీవాడు ఇంకొకర్ని చూసుకుంటే? బస్సు దిగేసరికి అబద్ధం వండటం అయిపోయింది, వడ్డించడమే తరువాయి.

"అత్తయ్యా, ఒక్కళ్లే చెయ్యాలట. ఇంకెవరూ పొయ్యి దగ్గరికి రాకూడదట. పైగా చేతులకి ఏమీ ఉండకూడదని కూడా రూలుందట."

అత్తగారు తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"వాళ్ల భయం వాళ్లదిలే. నలుగురూ తినే వస్తువాయె. నువ్వూ చూసి నేర్చుకున్నావుగా అమ్మాయ్, చెయ్యి. లైసెన్సు కోసం ఆఫీసులో పరీక్షకిచ్చే సీసా మటుకు నేను చేసిపెడతాను, మొదటిదే బెడిసికొడితే ఎట్లా."

అలా పరీక్షకి వెళ్లిన సీసా అత్తగారిది.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ మంచిదే, కానీ కళ్లు మహా చురుకైనవి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వేలితో లాగి చూసింది, చెత్తబుట్టకి మూత ఉందో లేదో చూసింది, సింకు కింద తొంగి చూసింది. అంతా అయ్యాక పెన్ను తీసి మామూలుగా అడిగింది.

"ఈ వంటింట్లో ఇంకెవరైనా చెయ్యి పెడతారామ్మా?"

"లేదండీ. అన్నీ నేనే."

"పక్కగదిలో ఎవరో ఉన్నట్టున్నారు?"

"మా అత్తగారండీ. ఆవిడకి ఇటువైపు పనేం ఉండదు."

పక్కగదిలో అత్తగారు ఉతికిన బట్టలు దులిపి మడతపెడుతోంది. ఆ దులిపే చప్పుడు టక్కున ఆగిపోయింది.  ఆ ఇంట్లో దిగిన నాటి నుంచీ ఆ పొయ్యి వెలిగించింది ఆవిడ. ఆవిడకి ఆ వంటింట్లో పని లేదట! ఇన్‌స్పెక్టరమ్మ మెట్లు దిగి వెళ్లాక చాలాసేపటికి గానీ మళ్లీ చప్పుడు మొదలవలేదు.

లైసెన్సు వచ్చింది. సీసాల మీద కోడలి పేరు అచ్చయింది. జామ్ కొన్నవాళ్లు బేకరీలో ఎదురుపడి "మీ చేతిలో ఏదో ఉందండీ" అనేవాళ్లు. కోడలు సిగ్గుపడుతున్నట్టు తల దించుకునేది. వాళ్లు దాన్ని వినయం అనుకునేవాళ్లు, పాపం.

అత్తగారు మాత్రం వంటింటి గడప దాటడం మానేసింది. జామ్ చేసే వేళల్లోనే కాదు, అసలే. దాహమేస్తే గుమ్మం దగ్గర నిలబడి "అమ్మాయ్, కాసిని మంచినీళ్లు" అని అడిగేది, తన ఇంట్లో తనే చుట్టంలా. తతిమ్మా వేళల్లో రావచ్చు అత్తయ్యా అని కోడలు ఒకసారి అంది. "మర్చిపోయి దేని మీదో చెయ్యి వేస్తాను, నీకు మాటొస్తుంది. ఎందుకొచ్చిన గొడవ" అంది ఆవిడ. ఆ మాటలో ఎత్తిపొడుపేమన్నా ఉంటే కోడలికి కాస్త ఊరటగా ఉండేది. ఏమీ లేదు. ఆవిడ నిజంగానే కోడలికి మాట రాకూడదనుకుంటోంది.

నీళ్లు అందించిన ప్రతిసారీ కోడలికి తేలు కుట్టినట్టుండేది. చెప్పేద్దామనుకునేది, మింగలేక కక్కలేక ఊరుకునేది. డాక్టరు భయం వల్లే కదా అని తనకి తాను సర్దిచెప్పుకునేది. కానీ మనసుకి అన్నీ తెలుసు. డాక్టరు భయం సగమే. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉప్పు దగ్గర్నుంచి కర్టెన్ల రంగు దాకా "ఎంత వెయ్యను అత్తయ్యా, ఏది కొనను అత్తయ్యా" అని అడిగి అడిగి బతికింది. ఆవిడ ఎన్నడూ కసిరింది లేదు, అడగమని పట్టుబట్టిందీ లేదు. అయినా అడిగింది. ఇప్పుడు తనదీ అని చెప్పుకోవడానికి ఒకటి కావాలనిపించింది. అది ఆవిడ చేతుల్లోంచి లాక్కుంది. 

జామ్ కూడా మాట వినలేదు. కోడలు ధర్మామీటరు కొంది. అది ఎంత చూపించినా నమ్మకం కుదిరేది కాదు. ఒకసారి పాకం ముదిరి రాయైపోయింది. ఆ భయానికి తర్వాత నుంచీ తొందరపడి దించెయ్యడం మొదలెట్టింది. పల్చగా, నిగనిగలాడుతూ చూడ్డానికి బాగానే ఉండేది. ఎవరింట్లోనో సీసా మూత తీస్తే పైన బూజు, బూడిద రంగు దూదిలా. ఆ కొన్నావిడ బేకరీకి వెళ్లలేదు, తిన్నగా లైసెన్సు ఆఫీసుకి వెళ్లింది.

ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చింది. కోడలు అప్పుడే సీసాలు మరిగించడానికి పొయ్యి మీద గిన్నె పెట్టింది. ముందుగదిలో బల్ల మీద బూజు పట్టిన సీసా పెట్టి, ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. అత్తగారు శాలువా కప్పుకుని కిటికీ దగ్గర ఉంది, ఆవిడ లేవబోతే ఇన్‌స్పెక్టరమ్మ కూర్చోమంది.

"మీరు మొదట పరీక్షకిచ్చిన సీసా నాకు బాగా గుర్తుంది. పాకం ఎంత బాగా కుదిరిందో. ఇదేమో నీళ్లలా ఉంది. ఏం మార్చారమ్మా?"

"ఏమీ... అంటే, ధర్మామీటరు..." కోడలు నీళ్లు నమిలింది.

"చేసే మనిషి మారారా?"

 ఇన్‌స్పెక్టరమ్మ గొంతు కాస్త మెత్తబడింది.

"చూడమ్మా, ఇంట్లోవాళ్లు సాయం పడితే దాచాల్సిన పనే లేదు. క్లాసులో చెప్పారు కదా, డాక్టరు కాగితం ఒకటి తెచ్చి రెండో మనిషిగా పేరు రాయిస్తే అయిపోయె. మీ అత్తగారిదైనా సరే, ఇంకెవరిదైనా సరే. కానీ ఒకరి చేత చేయించి, పరీక్షకిచ్చి, అన్నీ నేనే అని చెబితే మాత్రం అది తప్పుడు సమాచారం. లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ ఇవ్వరు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. కిటికీ వైపు చూడకూడదనుకుంది, చూసింది. అత్తగారు తననే చూస్తోంది. కోపం కాదు. వచ్చిన ఉత్తరం తనదో కాదో తేల్చుకోలేని మనిషిలా చూస్తోంది. ఒక్కళ్లే చెయ్యాలన్న రూలు లేదని ఆవిడకి తెలిసిపోయింది.

ఇక చాలనిపించింది కోడలికి. లైసెన్సు పోతే పోయింది. బేకరీ పోతే పోయింది.

"మేడమ్, ఆ మొదటి సీసా నేను చేసింది కాదండీ. మా అత్తగారు..."

"అయ్యో పిచ్చిదానా!" అత్తగారు పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. "నన్ను పెద్దదాన్ని చెయ్యాలని నా పేరు కలుపుతోందమ్మా. దగ్గర కూర్చుని కబుర్లు చెప్పానంతే. నాకు జామ్ చెయ్యడం ఎక్కడ వచ్చు? పెడితే తింటాను. ఆ పాకాలూ గీకాలూ అన్నీ మా కోడలివే."

చేతులు రెండూ శాలువా లోపలికి పోయాయి.

ఇన్‌స్పెక్టరమ్మ ఒకరి తర్వాత ఒకరిని కాసేపు చూసింది. ఆవిడకి అనుమానం రాలేదనలేం. అయినా ముసలావిడ మాట కాదనడానికి ఆమె దగ్గర ఆధారం లేదు. ఈ దఫా చేసిన సరుకంతా పారబొయ్యాలనీ, పాకం సరిచేసి కొత్త సీసా పరీక్షకివ్వాలనీ, అప్పటిదాకా అమ్మకూడదనీ చెప్పి, హెచ్చరిక కాగితం ఇచ్చి వెళ్లిపోయింది.

తలుపు వేసి కోడలు అక్కడే నిలబడింది.

"ఎందుకట్లా అన్నారు అత్తయ్యా?"

"లైసెన్సు పోతే ఏం చేస్తావు? మళ్లీ ఇవ్వరని చెప్పిందిగా."

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. మీ పేరు రాయిద్దాం."

"ఇప్పుడెట్లా కుదురుతుంది అమ్మాయ్? జామ్ చెయ్యడం రాదని ఆఫీసరుకి ఎదురుగా చెప్పాను. రాని మనిషి పేరు ఎందుకు రాయిస్తున్నావని అడిగితే నువ్వే ఇరుక్కుంటావు."

అది నిజమే. అత్తగారు తనని కాపాడిన మాటే ఆవిడకి ఆ తలుపు మూసేసింది. ఇంక తెరవడానికి వీల్లేదు. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు తెలుసు అత్తయ్యా. క్లాసులో చెప్పారు. విన్నాను. తెలిసే మీకు అబద్ధం చెప్పాను."

అత్తగారు కిటికీలోంచి వీధి వంక చూసింది. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగింది.

"నా చేతులంటే నీకు అసహ్యమా?"

"అయ్యో, లేదు! ఒట్టు, ఎప్పుడూ లేదు!" కోడలు నేల మీద కూలబడి శాలువాలోంచి ఆ చేతులు లాక్కుంది. "నాదంటూ ఒకటి ఉండాలనిపించింది, అంతే. బుద్ధి గడ్డి తింది."

ఇన్నాళ్లూ ఆవిడ ఏమనుకుంటూ గడప బయట నిలబడిందో కోడలికి ఇప్పుడు తెలిసింది. మంచినీళ్లు అడిగిన ప్రతిసారీ ఆవిడ మనసులో ఉన్న ప్రశ్న అదే.

"అంతేనా? అడిగి ఉంటే నేనే ఇచ్చేసేదాన్ని కదే" అంది అత్తగారు.

కాసేపు చేతులు అలాగే ఉంచింది. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకుంది.

"లే. గిన్నెలో నీళ్లు ఇగిరిపోతున్నట్టున్నాయి, సీసాలు పగుల్తాయి. చూసుకో."

"మీరూ రండి అత్తయ్యా. పాకం ఒక్కసారి చూపించండి."

"వద్దమ్మాయ్. అది నీది."

కోడలు లేచి వంటింట్లోకి వెళ్లింది, ఒక్కతే.