మూడో రాజు తెచ్చిన బోళం

"నా పళ్ళాన్ని గంజికుండ మీద మూత పెట్టిందెవరే?"

"నేనే. కుండమూత నిన్న పగిలింది. ఏడాదికొక్క పూట రాజువవుతావు. తక్కిన రోజులన్నీ ఆ పళ్ళెం అటక మీద కూర్చుని ఏం చేస్తది?" అంది శౌరమ్మ, పొయ్యిలోకి మామిడిపుల్లలు ఎగదోస్తూ.

"ఆ ఒక్క పూటా ఇవాళే గదంటే!"

"అయితే తోముకో. చింతపండు గూట్లో ఉంది."

"రాజులు పళ్ళేలు తోముకుంటారా?"

"రాజులు గంజి తాగుతారా మరి?"

గది మూల, పాత చీర కట్టిన తెర వెనక కోడలు లూర్దమ్మ నవ్వింది. ఆ నవ్వులో బలం లేదు. ఆమె ఆడపిల్లను కని ఆ రోజుకు తొమ్మిదో రోజు. బిడ్డ బాగానే ఉంది గాని తల్లికి పాలు సరిగా పడలేదు. లేచి నాలుగడుగులు వేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. "ఇంకొక్క పూట ఓర్చుకో తల్లీ, పండగ బోళం వచ్చేస్తది" అని శౌరమ్మ మూడు రోజులుగా చెబుతూనే ఉంది.

చిన్నరాయప్ప పెరట్లో గొంతుక్కూర్చుని, చింతపండుతో ఇత్తడి పళ్ళాన్ని తోమాడు. అంచున గంజి మరక ఒకటి ఎంత రుద్దినా పోలేదు. గోరుతో గీకి, పైపంచెతో తుడిచి, కావడి ఎత్తుకుని తోటకు బయల్దేరాడు. పండగైనా మొక్కకు దాహం ఆగదు.

నూజివీడుకు రెండు మైళ్ళ దూరాన మామిడితోటల నడుమ ఉన్న ఆ క్రైస్తవుల పేటలో చిన్నరాయప్ప ప్రత్యేకంగా గుర్తుండే మనిషి కాదు. నలుగురు నిలబడితే నాలుగోవాడు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు దిగి ఉంటుంది. ముప్పై ఏళ్ళు కావడిబద్ద ఒరుసుకున్న చోట నిమ్మకాయంత కాయ కాచి నల్లగా నిగనిగలాడుతుంది. వీరరాఘవయ్య గారి తోటలో అంటుమొక్కలకు నీళ్ళు మొయ్యడం అతని పని. బావి దగ్గర రెండు కిరసనాయిలు డబ్బాలు నింపుకుంటాడు, నడుస్తాడు, మొక్క మొదట్లో వంచుతాడు, తిరిగి వస్తాడు. అతను నీళ్ళు పోసిన అంటులు ఎన్నో ఇప్పుడు కొమ్మలు కలుపుకున్న చెట్లు. ఏ చెట్టు ఏ ఎండాకాలంలో వడలి మళ్ళీ తేరుకుందో అతను చెప్పగలడు. ఎవరూ అడగరు.

ఆ ఉదయం మంచు తోట మీద తెల్లగా కూర్చుంది. పూత అప్పుడే కొమ్మల చివర్లలో తల ఎత్తుతోంది. బావి దగ్గర మోకు లాగుతున్న గంగరాజు అతన్ని చూసి నవ్వాడు.

"ఏం రాయప్పా, జమీందార్లనే తీసేస్తన్నారంట. మీ ముగ్గురు రాజులకి ఇంకా నోటీసు రాలేదా?"

"మావాళ్ళు తూర్పుదేశం రాజులులే. మద్రాసు చట్టం వాళ్ళకి తగలదు."

"ఇంతకీ నువ్వు మోసేది ఏంటి? బంగారమా?"

"బోళం."

"అదీ సంగతి. బంగారం నీ చేతికెవడిస్తాడు!"

చిన్నరాయప్ప కూడా నవ్వాడు. బంగారం తనకు అక్కర్లేదని గంగరాజుకు ఎలా చెప్పడం?

ఇరవై ఏళ్ళ కిందట, శ్రావణమాసపు వానలో, అతని మొదటి భార్య తెరేసమ్మ జోజిబాబును కన్నది. మంత్రసాని పున్నమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఒరే, నూజివీడు పోయి బాలింతబోళం పట్రా, పరిగెత్తు" అంది. అతను పరిగెత్తాడు. పాండురంగారావు గారి కొట్లో ఎర్రటి జిగురు పలుకులు పొట్లం కట్టించుకుని, తడవకుండా చంకలో పెట్టుకుని, బురదలో రెండుసార్లు పడి లేచి వచ్చాడు. అప్పటికే వాకిట్లో ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకుని కూర్చున్నారు. ఇంకాస్త గట్టిగా పరిగెత్తి ఉంటే బాగుండేదనుకున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, తరువాత వచ్చి జోజిబాబును కన్నతల్లిలా పెంచిన శౌరమ్మతో కూడా.

ఆ వచ్చే జనవరిలో ముగ్గురు రాజుల పండగకు, పరదేశం నుంచి వచ్చిన ముసలి ఫాదరు గారు పిల్లా పెద్దా చేత నాటకం ఆడించారు. చుక్కను చూసి వచ్చిన రాజులు బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం కానుక పెట్టాలి. బోళం ఎవరి దగ్గరా లేదు. "నా దగ్గరుందండి" అన్నాడు చిన్నరాయప్ప. విప్పని పొట్లం పెట్టె అడుగున అలాగే ఉంది. అలా అతను మూడో రాజయ్యాడు.

ఆ పూట పశువులపాక ముందు మోకరించినప్పుడే అతనికొకటి తోచింది. బంగారం పసిబిడ్డకు ఎందుకు? సాంబ్రాణి పొగ వాడి కళ్ళకే చేటు. మూడోవాడొక్కడే పురిటింటికి ఏం పట్టుకెళ్ళాలో తెలిసినవాడు. అతను తెచ్చింది బిడ్డకు కాదు, మరియమ్మకు. మొదటి ఇద్దరూ రాజులు, మూడోవాడు సంసారి. పైగా ఈ మూడోవాడు వేళకు చేరాడు.

ఈ సంగతి పేటలో ఆడవాళ్ళకు చెబితే వాళ్ళకు ఇట్టే నచ్చింది. అప్పటి నుంచి ఏటా పండగ కాగానే, రాజు ఆ ఏటికి కొత్తగా కొని మోసిన బోళంలో చిటికెడు బెల్లంలో కలిపి ఆ ఏటి బాలింతలు మింగుతారు. ముసలి ఫాదరు గారికి తెలుగు అంతంత మాత్రమే. చూసి చిరునవ్వు నవ్వేవారు.

ఈ ఏడు ముసలాయన లేరు. గుంటూరు వైపు నుంచి కొత్తగా ఒక కుర్ర ఫాదరు గారు వచ్చారు. మంచివాడు, చదువుకున్నవాడు, ప్రతి మాటకూ అర్థం చెప్పేవాడు. పూజలో ఆయన ప్రసంగానికి లేచేసరికి చిన్నరాయప్ప కాగితం కిరీటంతో, ఎర్ర దుప్పటితో, పళ్ళెం పట్టుకుని పాక పక్కన నిలబడి ఉన్నాడు.

"ఈ కానుకలకు అర్థం ఉంది. బంగారం, ఆయన రాజు గనుక. సాంబ్రాణి, ఆయన దేవుడు గనుక. బోళం ఎందుకు? ఆయన మనిషిగా చనిపోవాలి గనుక. ఆ దేశంలో శవానికి బోళం పూసి సమాధి చేసేవారు. ఎక్కడో అన్యదేశంలో పుట్టిన ఆ జ్ఞానులకు, పసిబిడ్డను చూడగానే ఇదంతా ప్రత్యక్షమైంది. అందుకే ఇది ప్రత్యక్షత పండుగ."

శవం అన్న మాట దగ్గర ఆడవాళ్ళ వైపు చిన్న కదలిక పుట్టింది. ఒక్కొక్కరే పళ్ళెం వంక చూశారు. ఈ ఏటి బాలింత ఒకామె ఒళ్ళోని బిడ్డ మీదికి కొంగు లాక్కుంది. చిన్నరాయప్పకు పళ్ళెం ఎలా పట్టుకోవాలో తెలియలేదు. దించడానికి లేదు, దాచడానికి లేదు.

పూజ అయ్యాక గుడి వెనకకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఫాదరు గారూ, అది బాలింతకి కాదాండి?"

"ఏది రాయప్పా?"

"బోళమండి. కొట్లో బాలింతబోళమనే అమ్ముతారండి."

ఫాదరు గారు నవ్వలేదు. "మన వైద్యంలో ఉండవచ్చు. కాని వేదంలో దాని అర్థం అది కాదు. అది మరణానికి గుర్తు."

"పుట్టినింటికి ఎవరన్నా అది తెస్తారాండి?"

"తెచ్చారు చూశావా. అదే ఈ పండుగ విశేషం."

చిన్నరాయప్ప తల ఊపాడు. అర్థమై ఊపలేదు, పెద్దవాళ్ళు మాట ముగించాక తల ఊపడం అతనికి అలవాటు. ఇంటికి వస్తూ ఉంటే దారిలో చిటికెడు అడిగినవాళ్ళు లేరు. ఇరవై పండగల్లో అలా జరగడం అదే మొదలు. తాను ఇన్నేళ్ళూ ఎంతమంది పచ్చి బాలింతల నోట పీనుగ మందు వేశాడు? వాళ్ళంతా బాగానే ఉన్నారే? బాగుంటే మరి ఫాదరు గారు చెప్పింది?

శౌరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ పొట్లం లోపలికి తేకు."

"పొద్దున దాకా అదే కావాలన్నావు గదే."

"పొద్దున నాకు తెలీదు గదా. లోపల పచ్చి బాలింతుంది. ఇవ్వాలో వద్దో నువ్వే చెప్పు. ఇన్నేళ్ళూ చెప్పింది నువ్వే గదా?"

అతను పళ్ళెం అరుగు మీద పెట్టి, పొట్లం మొలలో దోపుకుని వాగు గట్టు వైపు నడిచాడు. ఈ మాట తనకు మొదట చెప్పిన మనిషి ఇంకా బతికే ఉంది.

పున్నమ్మ నెల రోజులుగా మంచం దిగలేదు. అందుకే లూర్దమ్మ పురిటికి రాలేకపోయింది. చుట్టుపక్కల నాలుగు పేటల్లో హిందువని, కిరస్తానీ అని చూడకుండా బొడ్డు కోసిన చెయ్యి ఇప్పుడు ఎండుకొమ్మలా దుప్పటి మీద పడి ఉంది. తాటాకు గుడిసెలోకి అతను వంగి రాగానే ఆమె కళ్ళు చిట్లించింది.

"ఎవర్రా అది? కిరీటం పెట్టుకొచ్చావేంటి, యముడివా?"

చిన్నరాయప్ప గబుక్కున కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. "నేనత్తా, రాయప్పని."

"ఆఁ, యముడికి అంత వంకర భుజం ఉండదులే. కూర్చో."

జరిగిందంతా చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"నిజం చెప్పత్తా. బోళం పుట్టినింటిదా, పోయినింటిదా?"

"మీ దేవుడి దేశంలో ఏం చేస్తారో నాకేం తెలుసురా. ఇక్కడ మాత్రం బాలింతకే. నా చేత్తో ఎంతమందికి ఇచ్చానో!"

అతనికి కొంచెం ఊపిరాడింది. ఆ ఊపిరితోనే ఇరవై ఏళ్ళ మాట బయటికొచ్చేసింది. "అయితే ఆ రోజు నేనింకాస్త ముందొస్తే తెరేస బతికేది గదత్తా?"

పున్నమ్మ కళ్ళు తెరిచి అతని వంక చూసింది.

"ఇన్నేళ్ళబట్టీ అదా నీ బుర్రలో ఉంది? ఒరే పిచ్చోడా! నేను గుమ్మంలోకి వచ్చేటప్పటికే దాని పని అయిపోయింది. బిడ్డను తుడవాలి, దాన్ని సర్దాలి. నువ్వేమో వాకిట్లో వణుకుతా నిలబడ్డావు. నిన్నెటన్నా పంపాలి గదా. నోటికి బోళం వచ్చింది, బోళమన్నా. ఉప్పు రాళ్ళంటే ఉప్పు రాళ్ళకే పరిగెత్తేవోడివి."

కావడి దించిన వెంటనే మనిషి తిన్నగా నడవలేడు; కాసేపు తూలుతాడు. ఆ తూలు చిన్నరాయప్పకు తెలుసు. కూర్చుని కూడా తూలవచ్చని అతనికి ఇప్పుడే తెలిసింది. తాను ఆలస్యం చెయ్యలేదు. మంచిదే. మరి పరిగెత్తినదంతా దేనికి? ఏటా ఎవరికోసం మోసినట్టు?

"ఏదీ, ఆ పొట్లం. ఓ పలుకు నా నాలిక మీద వెయ్యి" అంది పున్నమ్మ.

వేశాడు. ముసలి ముఖం ముడుచుకుపోయింది.

"అబ్బ, చేదు! పర్లేదు, నాలికింకా బతికే ఉంది. కాసిని నీళ్ళు పొయ్యరా."

కుండలో నీళ్ళు లేవు. అతను కుండ తీసుకుని వాగులో దిగి, చెలమ తోడి, నీళ్ళు తేరేదాకా ఆగి, నింపుకుని వచ్చాడు. ఒక్క చుక్క తొణకలేదు.

"నీళ్ళత్తా" అన్నాడు.

ఆమె ముఖం మీద చేదు ఇంకా అలాగే ఉంది. కాని ముడతలు కదలడం లేదు. అతను కుండ పట్టుకునే నిలబడ్డాడు. మరో గుడిసె నుంచి ఆడమనిషిని పిలుచుకొచ్చాక గాని దాన్ని కింద పెట్టలేదు. ఆమె పున్నమ్మ పిడికిలి విప్పి, సగం పేనిన నల్లటి మొలతాడు బయటికి తీసింది.

"మీ మనవరాలికేనయ్యా. నాలుగు రోజుల్నుంచి పేనుతోంది. చేతులు వణికి సాగలా."

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చున్నారు. పండగని శౌరమ్మ కోడికూర వండింది. లూర్దమ్మ తెర పక్కకు జరిపి, గోడకానుకుని కంచం ముందు పెట్టుకుంది. జి. కొండూరులో ఉన్న పున్నమ్మ కూతురికి కబురు వెళ్ళింది. తెల్లారి అందరూ వచ్చాక సాగనంపుతారు.

"నాన్నా, బోళం గురించి పున్నమ్మవ్వ ఏం చెప్పింది?" అన్నాడు జోజిబాబు.

చిన్నరాయప్ప కొడుకు ముఖం చూశాడు. తెరేస కళ్ళే. "చేదుగా ఉందంది" అన్నాడు.

ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు. ఎడమచేత్తో మొలలోని పొట్లం తీసి తన ముందు పెట్టుకున్నాడు.

"ఫాదరు గారు చదువుకున్నాడు. పున్నమ్మ చేసి చూసింది. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలీదు. తెలిసేదాకా ఆగితే మనకి వయసు చాలదు. అందుకని చెబుతున్నా, వినండి. దీంట్లో సగం ఈ పూట నుంచి చిటికెడు చొప్పున లూర్దమ్మ మింగుద్ది. సగం పొద్దున పున్నమ్మకి పూస్తా."

శౌరమ్మ గరిటె కూరలోనే ఆగిపోయింది. "ఒకే పొట్లంలోదా!"

"ఒకే పొట్లంలోది."

"పీనుగకు పూసేది, బాలింత మింగేదీ ఒకటేనా? బుద్ధుండే మాట్లాడుతున్నావా? ఒరే జోజీ, నువ్వైనా చెప్పరా మీ నాన్నకి!"

జోజిబాబు భార్య వంక చూశాడు. లూర్దమ్మ ఒళ్ళోని బిడ్డను మెల్లగా చాప మీద పడుకోబెట్టి, చెయ్యి కడుక్కుని, అరచెయ్యి చాపింది.

"బెల్లం కాస్త ఎక్కువ పెట్టండి మావయ్యా."

శౌరమ్మ బెల్లం డబ్బా కోసం లేచింది. చాప మీద బిడ్డ పక్కన, చిన్నరాయప్ప వచ్చీ రాగానే పెట్టిన నల్లటి మొలతాడు ఉంది. పేనినంత మేర బిగువుగా, పేనని చోట రెండు పోగులూ విడివిడిగా.