ఆపా అనే ట్యాగు

అతీక్ నా తమ్ముడు. నన్ను ఆపా అని పిలిచేవాడు, అంటే అక్కా అని. వాడూ, వాడి స్నేహితుడు నూకరాజూ కలిసి చిన్న కొట్లకి బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ చేశారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు అతీక్ రాసేవాడు. నేను బడిలో పాఠాలు చెప్పి రాగానే నా చేత చదివించేవాడు. నాకు అర్థం కాని చోట ఒక వాక్యం చేర్చి, గుర్తుగా దాని ముందూ వెనకా ఆపా అనే ట్యాగు తగిలించేవాడు. చివర్లో ఆ వాక్యాలను సరిదిద్ది పేజీలో కలిపేవాడు. ఈసారి కలపకుండానే చనిపోయాడు.

ఆదివారం నూకరాజు లాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. కొత్త సైటు పాత ఫైళ్లను తీసుకోదట. అన్నీ మార్క్‌డౌన్ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలట.

"చేత్తో మార్చక్కర్లేదు మేడమ్. స్టైల్‌షీట్ రాసేను. ఏ ట్యాగు కనపడితే కొత్త పద్ధతిలో ఏటి రాయాలో అందులో ఉంటది. ఒక్కసారి నడిపితే మొత్తం మారిపోద్ది. మీరు చదివి పెట్టండి."

"నువ్వు చదవలేదా?"

"నేను చేసిన సాఫ్ట్‌వేర్‌కి నాకు హెల్పెందుకు మేడమ్?"

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. చదవడం మొదలుపెట్టాను.

'సరుకు వెనక్కి వస్తే పాత బిల్లు తెరవండి. ఆపా, కంగారు పడకు, పాత బిల్లు చెరిగిపోదు. వాపసు నొక్కండి.'

అక్కడే ఆగిపోయాను. నూకరాజు తొంగి చూశాడు.

"ఇదేటి, కొట్టోళ్లని ఆపా అంటన్నాడు?" పాత ఫైలు వెతికి చూసి, గొంతు తగ్గించాడు. "ఈ ట్యాగుకి నేను నియమం రాయలేదు మేడమ్. అందుకే లోపలి మాట ఊరికే బయటికొచ్చీసింది. ఒక ఖాళీ నియమం పెడితే ఇలాంటివన్నీ పోతాయి. పెట్టీమంటారా?"

ఆ వాక్యం మళ్లీ చదివాను.

"వద్దు. ఈ వాక్యం లేకపోతే వాపసు నొక్కడానికి నాకు భయం. కొట్లో కూర్చున్నవాళ్లకీ అంతే."

"పోనీ, చుట్టూ గీతల పెట్టె కట్టి అందులో ఉంచుతాను. ఆపా అన్న పిలుపో?"

"మొదటి మాట వదిలేసి మిగతాది పెట్టెలో రానివ్వు. పిలుపు పాత ఫైల్లో ఉంటుంది కదా?"

"స్టైల్‌షీట్ దాన్ని ముట్టుకోదు మేడమ్."

"అయితే చాలు."

నియమం రాసి నడిపాడు. పెట్టెలో వాడి వాక్యం వచ్చింది. కొత్త పేజీలో 'పడకు'ను 'పడకండి'గా నేనే దిద్దాను. అలాగే ఒక్కొక్కటీ దిద్దుకుంటూ చివరి పేజీకి వచ్చాం. అది అతీక్ నాకు చూపించని పేజీ. అందులో ఒక్క ఆపా కూడా లేదు.

"కరెంటు పోతే సగం వేసిన బిల్లు ఏమవుతుంది?" అన్నాను.

"దానంతటదే సేవ్ అయిపోద్ది."

"ఇందులో రాసి లేదే."

నూకరాజు నా ముఖం వైపు చూశాడు. పాత ఫైలు తెరిచి, ఆపా ట్యాగు పెట్టి, లోపల టైపు చేశాడు: 'అక్కా, కరెంటు పోయినా సగం బిల్లు ఎక్కడికీ పోదు.'

ఆ పేజీ ఒక్కటే మళ్లీ నడిపాడు. మొదటి మాట పాత ఫైల్లోనే ఉండిపోయింది. మిగతాది పెట్టెలో వచ్చింది.

"అర్థమయిందా అక్కా?"

"అయింది. కొత్త పేజీ రాసినప్పుడల్లా పట్టుకురా. చదువుతాను."