అమ్మమ్మ గౌను అంచు

బడి తెరవడానికి ముందొచ్చే ఆదివారం ఆ ఇంట్లో పెద్ద కత్తెర బయటికి వస్తుంది. ఇంటావిడ బట్టలు కుడుతుంది. ఊళ్లో సగం మంది ఆవిడ దగ్గరే కుట్టించుకుంటారు. మిగతా సగం ఆవిడ ఎప్పుడూ చెప్పిన రోజుకి ఇవ్వదని తిట్టుకుంటూ, మళ్లీ ఆవిడకే ఇస్తారు. ఆ ఒక్క ఆదివారం మాత్రం బయటివాళ్ల బట్ట ముట్టుకోదు. ముందు తన తల్లిని బల్ల మీద నిలబెట్టి, గౌను ఎంత కిందికి జీరాడుతోందో చూసి, ఆ మేరకు అంచు కత్తిరిస్తుంది. ఆ పట్టీనే కూతురి బడి గౌను అంచుకి అతుకుతుంది. తల్లి పనిచేసే లైబ్రరీ వాళ్ల గౌనుదీ బడి పిల్లల గౌనుదీ ఒకటే నీలం కాబట్టి అతుకు తెలియదు. పిల్లకి కావలసినదానికి ఆ పట్టీ ఏ ఏడూ ఒక పోగు ఎక్కువ కాలేదు, తక్కువా కాలేదు.

మనవరాలు ఎంత ఎదిగితే అమ్మమ్మ అంత తగ్గుతుంది. పిల్ల పుట్టినప్పట్నించీ అంతే. దీని గురించి వీధిలో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి బేకరీ ఆయన రెండో పెళ్లి ఉండనే ఉంది.

అమ్మమ్మది లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులిపే పని. ఒకప్పుడు పై అరలకి ముక్కాలిపీట ఒక్కటి చాలేది. పిల్లకి మూడేళ్లొచ్చేసరికి మధ్య అరలకి దిగింది. ఇప్పుడు పిల్లకి పదమూడు. అమ్మమ్మకి అందేది అట్టడుగు అర ఒక్కటే, అది మాత్రం అద్దంలా ఉంటుంది. ఆవిడని పనిలోంచి తీసెయ్యకపోవడం లైబ్రేరియన్ గారి మంచితనమని ఊరు అంటుంది.

"మంచితనమా పాడా, కాగితం రాయడానికి బద్ధకం ఆయనకి," అంటుంది అమ్మమ్మ.

పుట్టినప్పుడు గుప్పెడు ఉందని ఆ పిల్లని బెత్తెడు అన్నారు. తల్లి భుజం దాటాక కూడా ఎవరూ పేరు మార్చలేదు. రోజూ పొద్దున్నే బెత్తెడు అమ్మమ్మని సైకిల్ బుట్టలో కూర్చోబెట్టుకుని లైబ్రరీ దగ్గర దింపి, బడికి వెళ్తుంది.

ఆ ఏడు బడి మూసే ముందు డ్రిల్లు మాస్టారు వాలీబాల్ జట్టు కోసం పిల్లల్ని గోడకి నిలబెట్టి సుద్దతో గీతలు గీశారు. ఆయన మొహానికి బంతి తగలని రోజు లేదు గానీ, కొలతలో మాత్రం గట్టివాడు. బెత్తెడు మణికట్టు పట్టుకుని చూసి, "ఈ ఎముకకి ఇంకో జానెడున్నర ఎదుగుతావు. వచ్చే ఏడు నెట్ దగ్గర నువ్వే," అన్నారు.

బెత్తెడు రెండేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని ఉంది. గేటు దాకా ఎగురుకుంటూ వెళ్లింది. గేటు దగ్గర ఆగిపోయింది.

ఇంటికెళ్లేసరికి అమ్మమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తోంది. బెత్తెడు మెల్లగా వంగి జానతో కొలిచింది. పాదాల నుంచి నడినెత్తికి రెండు జానలు. లెక్కల్లో ఎన్నడూ ముప్పై మార్కులు దాటని పిల్ల, ఈ లెక్క వేలు మడవకుండా చేసింది.

"అమ్మా, అమ్మమ్మ ఇంక అర జానెడే మిగులుతుంది," అంది వంటింట్లోకి వెళ్లి.

"మీ మాస్టారికేం తెలుసు. ఆయన ప్యాంటు కొలతే ఆయనకి తెలీదు. నాలుగుసార్లు విప్పి కుట్టాను," అంది తల్లి. తరవాత చాలాసేపు కడిగిన గిన్నెనే కడిగింది.

తండ్రి బస్సు డ్రైవరు. ఇంట్లో ఏ మాట మొదలైనా ఆయన బస్సుకి టైమవుతుంది. అప్పుడూ అయింది.

బడి తెరిచే ముందు ఆదివారం అమ్మమ్మ అంచుకి కత్తెర బయటికి రాలేదు. తల్లి కూతురికి కొత్త గౌను కుట్టింది. ఏ పిల్ల బట్టకైనా నాలుగు వేళ్ల మడత లోపలికి వదిలే మనిషి, దీనికి దారమంత కూడా వదల్లేదు. చంకల కింద, వీపు మీద, నడుం చుట్టూ రెండేసి కుట్లు వేసింది. వేసుకుంటే గుండీ పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాలి.

తల్లి మొహం వైపు చూసింది బెత్తెడు. తల్లి సూదిలో దారం ఎక్కిస్తోంది. పిల్ల ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకుంది.

అప్పట్నించీ సగం కంచంలోనే చెయ్యి కడిగేది. మంచం చివర చెక్కపెట్టె పెట్టుకుని, దానికి కాళ్లు ఆన్చి ముడుచుకుని పడుకునేది. ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరూ ఎదగలేదు, ఎవరూ తగ్గలేదు. తల్లి ఎంత సంబరపడిందంటే, వరసగా ముగ్గురికి చెప్పిన రోజుకే బట్టలిచ్చింది. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని వాళ్లు కంగారుపడ్డారు.

పిల్ల మాత్రం మైదానంలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. చెయ్యి పైకెత్తితే కుట్లు పట్టేస్తున్నాయి. డ్రిల్లు మాస్టారు ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, తరవాత బెంచీ మీంచి కూడా లేపి ఇంటికి పంపేశారు. బుట్టలోంచి అమ్మమ్మకి రోజూ కనిపించేది మనవరాలి మొహమే. బుగ్గలు లోపలికి పోయాయి. హ్యాండిల్ మీదికి వంగిన భుజాలు ఎవరో ముసలమ్మవి.

ఒక ఆదివారం పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు అమ్మమ్మ కుట్టుమిషను దగ్గరికొచ్చింది.

"ఆ గౌను విప్పి కుట్టవే."

"ఖాళీ లేదమ్మా."

"నాకు కళ్లు తగ్గలేదే. అది నీ కూతురు."

"నువ్వు నా తల్లివి," అంది ఆవిడ, మిషను ఆపకుండా. "నేనెవర్ని కత్తిరించుకోను, చెప్పు."

అమ్మమ్మ చిన్న కత్తెర ఒకటి ఈడ్చుకుంటూ పక్కగదిలోకి వెళ్లింది. ఉతికిన గౌను మంచం మీద ఉంది. పట్టె పట్టుకుని ఎక్కి, కింది అంచు ఎత్తి, లోపలికి దూరింది. అంత చిన్న మనిషి కాబట్టి పట్టింది. లోపల చీకట్లో వేళ్లతో తడిమి ఒక్కొక్క కుట్టే తెంపింది.

తెగుతున్న చప్పుడు ఈ గదిలోకి వినపడుతూనే ఉంది. తల్లి లేవలేదు. మిషను తొక్కుతూనే ఉంది. మిషనులో బట్ట లేదు.

వీపు మీది కుట్లన్నీ తెగాక ఆ చప్పుడు ఆగింది. అప్పుడు తల్లి లేచి వెళ్లి, పెట్టె అడుగు నుంచి నీలం బట్ట తీసింది. తెగిన చోటల్లా నాలుగేసి వేళ్ల బట్ట కలిపి కుట్టింది. అమ్మమ్మ దారం అందించింది.

సోమవారం పొద్దున్న గౌను వేసుకున్న బెత్తెడు గుండీ పెట్టుకోబోయి ఆగింది. ఊపిరి బిగబట్టనక్కర్లేకపోయింది. అతుకులు తడిమి చూసుకుని అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"నాకొద్దు అమ్మమ్మా. నేనిలాగే ఉంటాను."

"లే. నిటారుగా నిలబడు."

"నిలబడితే నువ్వు సరిగ్గా కనపడవు."

"నాకు నువ్వు కనపడతావుగా," అంది అమ్మమ్మ. "పద, లైబ్రరీకి టైమైంది."

ఆ నెలలోనే పిల్ల రెండు వేళ్లు సాగింది. ఆపి ఉంచిన ఎదుగుదల అంతా ఒక్కసారే వచ్చి పడింది. మాస్టారు మళ్లీ పిలిస్తే జట్టులో ఆడింది. నెట్ దగ్గర నిలబడింది. మొదటి ఆటలో గెలిచినప్పుడు అందరూ అరుస్తుంటే తను మాత్రం ఏడ్చింది. అంత ఆనందమేమో అనుకుని మాస్టారు కూడా కాస్త ఏడ్చారు. ఏడాది తిరిగేసరికి అమ్మమ్మకి సైకిల్ బుట్ట పెద్దదైపోయింది. బెత్తెడు గౌను జేబు చాలింది. తరవాత, పుస్తకం అట్టలే ఆవిడకి గోడలంత అయ్యాక, లైబ్రరీ మానేసింది.

ఇప్పుడు బెత్తెడు బడి నుంచి వచ్చాక సరాసరి ఇంట్లోకి వెళ్లదు. గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక కాలు ఎత్తి ఆగుతుంది.

"అమ్మమ్మా."

జవాబుకి కాస్త సేపు పడుతుంది. ఆ కాస్త సేపూ ఇంట్లో మిషను చప్పుడు కూడా ఆగుతుంది.

"ఇక్కడే ఉన్నానే," అని నేల మీద ఎక్కడి నుంచో వినిపిస్తుంది. "చూసి అడుగెయ్యి."

ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక ఆ పిల్ల అలాగే చాలాసేపు నిలబడుతుంది. నిటారుగానే నిలబడుతుంది.