పాతర మీద పట్టా

మొగుడు రాంబాబు తెచ్చి పడేసిన మేతను పుష్పలత తొట్టిలో వేసింది. బర్రె మూతితో కదిపి, బుస్సుమని ఊది తల తిప్పేసుకుంది. చూలు బర్రె. డొక్కలు లోపలికి పోయాయి. అది తినకపోతే పుష్పలతకు ముద్ద దిగడం లేదు. కడుపులో దూడ ఏమవుతుందోనని రాత్రీ పగలూ ఒకటే గుబులు.

మహిళా సంఘం మీటింగులో నేర్చుకుని, మక్కజొన్న చొప్పను ముక్కలు కొట్టి, గుంతలో తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి పాతరేసింది తనే. తొక్కీ తొక్కీ పిక్కలు పట్టేశాయి. అత్త భారతమ్మ అప్పుడు ఏ వంకా పెట్టలేదు. పోయిన నెల ముట్టై బయట కూర్చున్నప్పుడు మేత తీసే పని మొగుడి మీద పడింది. పట్టా మొత్తం ఎత్తి అవతల పారేసి, పైపైన గోకి తెచ్చాడు. "కప్పుండ్రి, గాలి తగుల్తది" అని వాకిట్లోంచి అరిస్తే, "సంఘం మీటింగుల ముచ్చట్లు నాకు చెప్పకు. ఆడనే కూసో" అన్నాడు. గాలి తగిలిన మేత వేడెక్కింది, తెల్లగా బూజు పట్టింది. బర్రె నోరు పెట్టడం మానేసింది. మరి తప్పెవరిది? "మైలతోని పాతర దిక్కు చూసుకుంట ఒర్లినవ్, గందుకే చెడ్డది. ఇగ దాని జోలికి పోకు" అంది అత్త. తొక్కిన కాళ్ళకు లేని మైల తీసే చేతులకు వచ్చింది! "అవ్, అమ్మ చెప్పింది నిజమే. బెల్లం కలిపి పెట్టు, అదే తింటది" అన్నాడు రాంబాబు. బూజు తిని చూలు పోతే ఏం గావాలె అని అడిగితే, నోరు లేస్తున్నదన్నారు.

ఇవాళ తల్లీకొడుకులు పర్ణశాల పోయారు, బర్రె బాగుండాలని మొక్కడానికి. బండి మలుపు తిరగగానే పుష్పలత పార పట్టుకుని పాతరలోకి దిగింది. చెయ్యి పెడితే కాలింది. లోపలిదాకా ఇట్లాగే ఉంటే? నల్లబడ్డదంతా, బూజంతా చెక్కి పెంటకుప్ప మీద పోసింది. అడుగున చల్లగా తగిలింది, పుల్లటి మంచి వాసన కొట్టింది. ఒక పక్కనుంచే నిలువుగా కోసి, గంప నింపి, పట్టా దించి రాళ్ళు పెట్టింది. గంప తొట్టిలో బోర్లించి నిలబడింది. బర్రె వాసన చూసింది. చూస్తూనే ఉంది. ఎంతసేపు చూస్తావే తల్లీ! ఆఖరికి నాలుక చాచింది.

పొద్దుగూకి వాళ్ళొచ్చేసరికి ఇంకా నములుతోంది.

"చూసినవ్‌రా, మొక్కిన్నో లేదో తింటున్నది!" భారతమ్మ చేతులు జోడించింది. "మేత ఎవరు తీసిన్రు?"

"నేనే."

"పోనీలేవే" అని నవ్వాడు రాంబాబు. "ఇప్పుడు శుద్ధిగున్నవ్ గద, ఏం కాదు."

పుష్పలత ఖాళీ గంప చంకన పెట్టుకుంది.

"పొద్దుగాలే ముట్టైన అత్తమ్మా. గీ చేతుల్తోనే తీసిన. రేపు గూడ నేనే తీస్త."