మధ్యాహ్నపు బండి

"నాకైతే ఒక్క తిప్పుకే అందుకుంది" అన్నాడు ఎసుమాన్, బండి తాళంచెవి భార్య అరబా చేతిలో పడేస్తూ.

రోజూ పొద్దున్న ఆరింటికి ఇదే తంతు. నడుముకి గుడ్డ చుట్టుకుని, నోట్లో పళ్ళపుల్లతో వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంటాడు. రాత్రంతా చల్లారి ఉన్న ఇంజన్ బుద్ధిగా అందుకుంటుంది. ఓ నిమిషం చెవి ఒగ్గి విని, దిగి, ఆ మాట అనేసి, స్నానం చేసి ఆఫీసు బస్సెక్కి వెళ్ళిపోతాడు. బండితో ఆయన సంసారం ఆ ఒక్క నిమిషమే. మిగతా పగలంతా అరబాది.

ఆరున్నరకి పిల్లలిద్దర్నీ బడి దగ్గర దించాలి. అక్కణ్ణుంచి పడవల రేవుకి, చేపల కోసం. ఇంటికొచ్చి ఆ చేపలు వేయించి, పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టిపెట్టిన కెంకే ముద్దలు ఉడికించి, నల్లటి మిరపకారం డబ్బాల్లో సర్ది, మధ్యాహ్నానికల్లా టకోరాడి పట్నంలో ఐదు ఆఫీసులకి అందించాలి. ఒక్కో గేటు దగ్గర పది నిమిషాల ఆగుడు. ఆ పది నిమిషాల్లోనే బండి మొరాయిస్తుంది. తాళం తిప్పితే గొంతు గీరుకుంటూ తిరుగుతుందే కాని అందుకోదు. "మేడమ్, బ్రేక్ ఏదో యాక్సిలరేటర్ ఏదో గుర్తుందా?" అని వాచ్‌మన్ ఇకిలిస్తాడు. తోసిపెడతానని వచ్చినవాడు కిటికీ మీద చెయ్యేసి, బండిని వదిలేసి ఆమె జాకెట్టు కేసి చూస్తాడు. చేపముక్క నములుతూ మెట్లమీదికొచ్చిన ఆఫీసరు "మీ ఆయన్ని పంపకూడదూ, ఆడవాళ్ళకెందుకీ తిప్పలు?" అని జాలి పడతాడు. కెంకే కాస్త చల్లారితే మర్నాడు ఫోన్ చేసి నిలదీసేదీ ఆయనే. మసి, చేపనూనె, చెమట కలిసిన తన చేతి వాసన తనకే వెగటుగా ఉండేది అరబాకి.

సాయంత్రం చెబితే ఎసుమాన్ బయటికెళ్ళి తాళం తిప్పేవాడు. అప్పటికి బండి నీడలో నాలుగు గంటలు నిలబడి చల్లారిపోయేది. వెంటనే అందుకునేది. "చూశావా? చెయ్యి మంచిదయితే అన్నీ మంచివే" అనేవాడు. ఆయన అబద్ధమాడట్లేదు. ఆమెకి రోత పుట్టించింది అదే. ఇంట్లో ఆయన ముట్టుకున్నదల్లా ఆయనకి అలాగే దొరుకుతుంది. చొక్కా తీస్తే ఇస్త్రీ చేసి ఉంటుంది, మూత తీస్తే కూర వేడిగా ఉంటుంది, పిల్లలు స్నానాలయి నవ్వుతూ ఎదురొస్తారు. ఈ ఇంటికి అసలు మధ్యాహ్నం అనేది ఒకటుందని పద్నాలుగేళ్ళుగా ఆయనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు, రాకుండా చూసుకున్నది తనే. అది తలుచుకుంటే ఆయన మీదకన్నా తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసేది.

బండ్లు బాగుచేసే ఫిట్టర్ అటా దగ్గరికి ఆరుసార్లు వెళ్ళింది. పక్కన నిలబడి తను చెబుతుంటే అతను ఎసుమాన్‌కి ఫోన్ చేసి అడిగేవాడు, బండికేమైందని. పొద్దున్న బాగానే ఉందిగా అని అట్నుంచి జవాబు. అటా బ్యాటరీ మార్చాడు, స్టార్టర్ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, చివరికి పెట్రోలు పంపూ మార్చాడు. అన్నీ మార్చాక "మేడమ్, మీరు కాస్త నెమ్మదిగా నడపాలి" అన్నాడు. చెట్టుకింద బల్లమీద కూర్చున్న ఫిట్టర్లంతా గొల్లుమన్నారు.

ఆ నవ్వు మింగలేకే తనే కనిపెట్టాలని పట్టుబట్టింది. నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. రాత్రంతా ఆగితే బాగుంటుంది, పది నిమిషాలు ఆగితే బాగుండదు. అంటే జబ్బు వేడిలో ఉంది. తిప్పీ తిప్పీ అందుకున్నప్పుడు వెనక నల్లపొగ, పచ్చి పెట్రోలు వాసన. అంటే తిండి చాలక కాదు, ఎక్కువై ఉక్కిరిబిక్కిరవుతోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ కావాలి, వేడెక్కాక తక్కువ చాలు. ఎంత వేడుందో చెప్పడానికి లోపల వేలెడంత సెన్సర్ ఉంటుందని ఫోన్లో చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద ఇదే అటా, ఈ ఊళ్ళో ఫిట్టర్లందరూ చేసినట్టే, "చలిదేశాల వాళ్ళకి కావాలి గాని మన ఎండలకి ఇదెందుకు?" అని ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకి అవతల పారేశాడు. పీకేటప్పుడు ఆ సెన్సర్ విరిగింది. తుక్కులోంచి ఇంకేదో కారుది తెచ్చి బిగించాడు. ఎసుమాన్ భుజం తట్టి మెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ డ్యాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు అడుగునుంచి లేవలేదు. ఇంజన్ మసిలిపోతున్నా ఆ పరాయి సెన్సర్ చల్లగా ఉంది, ఇంకా పొయ్యండి అంటోంది. మూడో ఆఫీసు గేటు ముందు బానెట్ ఎత్తి, ఆ సెన్సర్ వైరు ఊడబీకి, తాళం తిప్పింది. వెంటనే అందుకుంది. వైరు లేకపోతే పొద్దున్న చల్లటి ఇంజన్ అందుకోదు గనక మళ్ళీ పెట్టేసి బానెట్ దించింది. అక్కడెవరూ చూడలేదు, చూసి మెచ్చుకోవలసిన వాళ్ళూ ఎవరూ లేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. సరైన సెన్సర్ తెప్పిస్తే చాలంది. ఎసుమాన్ అక్క మాన్సా కూడా ఉంది అప్పుడు. వాళ్ళలో ఆడబిడ్డలు తమ్ముడి భార్యని 'నా పెళ్ళాం' అనే పిలుస్తారు, మొగుడి పెత్తనమంతా ఆ పిలుపులోనే ఉంటుంది.

"విన్నావా తమ్ముడూ, నా పెళ్ళాం ఇంజినీరయింది!" అని పొట్ట పట్టుకుని నవ్వింది మాన్సా. "నా పెళ్ళామా, వైర్ల సంగతి తర్వాత, ముందు నా కంచంలో ఇంకో చేప వెయ్యి."

ఎసుమాన్ నవ్వలేదు. చెయ్యి కడుక్కుంటూ, తువ్వాలు అందించమన్నంత మామూలుగా చెప్పాడు. "శనివారం మా మేనమామ అంత్యక్రియలు కాగానే బండి ఎబోకి ఇచ్చేస్తున్నా. పెద్దల ముందే. నీ చేతిలో రోజురోజుకీ పాడయిపోతోంది. మేనల్లుడంటే తల్లివైపు మా రక్తం, మాలో ఆస్తి పోయేదీ అటే, వాడి దగ్గరుంటే మన కుటుంబంలో ఉన్నట్టే."

"మరి నా కెంకే?"

"నెత్తిన పెట్టుకుని తిరగట్లేదా ఆడవాళ్ళు?"

బండి కొన్నది ఇద్దరి డబ్బుతో, కాగితాలు ఆయన పేరున. పెద్దల ముందు ఇచ్చి, పుచ్చుకున్నవాడు జిన్ సీసా పెట్టి దండం పెడితే ఇక దానికి తిరుగులేదు. సీసా తెరిచారంటే అయిపోయినట్టే. అరబా కంచాలు తీసింది. మాన్సా ఉమ్మేసిన చేపముళ్ళు ఒక్కొక్కటే ఏరింది.

శనివారం ఎసుమాన్ స్వయంగా నడిపాడు. పక్కన మాన్సా కొడుకు ఎబో, ముప్ఫై ఏళ్ళవాడు, అప్పుడే తన బండి అన్నట్టు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి కూర్చున్నాడు. వెనక మాన్సా, ఒళ్ళో అన్నపు గిన్నెతో అరబా. అందరూ నల్లబట్టలు. దారిలో జిన్ సీసాల కోసం ఎసుమాన్ బండి ఆపాడు. ఓ పది నిమిషాలు. వచ్చి తాళం తిప్పాడు.

వేడెక్కిన ఇంజన్ ముందు ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. తిప్పాడు, ఆపాడు, మళ్ళీ తిప్పాడు. మెడ మీద చెమట కారుతోంది. అటాకి ఫోన్ చేశాడు.

"మేడమ్ నడుపుతోందా?" అన్నాడు అటా. ఆ మాట బండిలో అందరికీ వినిపించింది.

"ఏం చేశావే నా పెళ్ళామా ఈ బండిని?" అని మాన్సా కసిరింది. "దిగు, దిగి తొయ్యి!"

అరబా గిన్నె సీటు మీద పెట్టి దిగింది. బానెట్ ఎత్తి, వైరు పీకి, "ఇప్పుడు తిప్పు" అంది. అందుకుంది. వైరు పెట్టేసి, నల్లబట్టకి మసి తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఎసుమాన్ ఒక్క మాటైనా అంటాడేమోనని ఆమె మామ ఊరు చేరేదాకా ఎదురుచూసింది, అందుకు సిగ్గుపడింది కూడా.

ఆ మాట అక్కడ పందిట్లో వినపడింది, ఇంకోలా. "దారిలో మొరాయించింది. ఏదో వైరు వదులయిందంతే, చూసి సరిచేశా" అంటున్నాడు ఎసుమాన్ చుట్టాలతో, కుర్చీలో వెనక్కి వాలి. వాళ్ళు శభాష్ అంటున్నారు. అరబా మూడడుగుల దూరంలో వాళ్ళకి నీళ్ళగ్లాసులు అందిస్తోంది. కోపం రాలేదు. నమిలి ఉమ్మిన ముద్ద మళ్ళీ తన నోట్లో పెట్టినట్టనిపించింది. ఛీ అనుకుంది. ఈ మనిషి నన్ను నమ్మలేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. నమ్మాడు. నమ్మి దొంగిలించాడు. ట్రే అక్కడే బల్లమీద పెట్టేసి, వెళ్ళి ఆడవాళ్ళ వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఖననమయ్యాక పెద్దలు కూర్చున్నారు. పెద్దల మాట జనానికీ జనం మాట పెద్దలకీ అందించే ముసలి బెంట్సిల్ కర్ర పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. అప్పటిదాకా ఇంజన్ ఆపకుండా శ్మశానానికీ పందిరికీ మధ్య ముసలాళ్ళని చేరేస్తూ తిరిగిన బండిని ఎబో అందరికీ కనపడేలా తెచ్చి ఆపాడు. ఎసుమాన్ లేచి, బండి మేనల్లుడికిస్తున్నానన్నాడు. ఎబో సీసా ముందుపెట్టి మోకాలు వంచాడు. బెంట్సిల్ మూత మీద చెయ్యివేసి, "తెరిచేముందు ఎవరికైనా మాటుందా?" అని అలవాటు కొద్దీ అడిగాడు. ఆ ప్రశ్నకి ఏనాడూ ఎవరూ జవాబు చెప్పరు.

అరబా లేచి నిలబడింది.

"కూర్చో" అన్నాడు ఎసుమాన్ పళ్ళ మధ్యనుంచి.

"తాతా, నా మాట అందించు. బండి ఇంకా వేడిగానే ఉంది. ఇచ్చేవాణ్ణి ఒక్కసారి స్టార్ట్ చేసి ఇమ్మను."

బెంట్సిల్ ఆ మాటే గొంతెత్తి అందించాడు. పెద్దల్లో ఒకాయన, న్యాయంగానే ఉంది అన్నాడు. వైరు సరిచేసిన మగాడు వెనక్కి తగ్గేదెలా? ఎసుమాన్ వెళ్ళి తాళం తిప్పాడు. పందిరంతా వింటోంది. తిప్పాడు, ఆపాడు, తిప్పాడు. రెండేళ్ళుగా ఒంటరిగా లోపల కూర్చుని భరించిన చప్పుడుని అరబా మొదటిసారి బయటనుంచి, నలుగురితో కలిసి విన్నది. ఎసుమాన్ తల తిప్పి ఆమెకేసి చూశాడు. అందరిముందూ, నోరు తెరిచి అడగకుండా, వచ్చి వైరు పీకమని కళ్ళతోనే బతిమాలాడు.

ఆమె నిలబడ్డ చోటినుంచి కదల్లేదు.

"ఇదీ అందించు తాతా" అంది. "పొద్దున్న అందుకునే సగం ఆయనది. ఎవరికిచ్చుకుంటాడో ఆయనిష్టం. వేడెక్కాక నడిచే సగం నాది. అది నేనివ్వను."

బెంట్సిల్ సీసా మీదనుంచి చెయ్యి తీసేశాడు.