బరువుకో మనిషి

కాళ్ల కింది దూలం గుంటలో పడి లేచేసరికి అతని పళ్లు టకటకలాడాయి. నోరు గట్టిగా మూసుకున్నాడు. అయినా దుమ్ముకు దారి ఒకరు చూపించాలా? ముక్కుకు కట్టుకున్న రుమాలు అప్పటికే లోపలివైపు కూడా తడిసి మట్టిరంగుకు తిరిగింది. కోళ్ల ఫారంలో దుమ్మంటే ఒట్టి దుమ్ము కాదు. ఎండిన పెంట, ఈకల పొట్టు, గుడ్ల బండ్లు గుంటల్లో ఎగిరిపడినప్పుడు పగిలి కారిన సొన, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ సొన ఎండకు కుళ్లి కంకరకు అంటుకుంటుంది. మళ్లీ చక్రాల కింద నలిగి గాలిలోకి లేస్తుంది. దాన్నే పీల్చి, మింగి, మిగిలింది ఉమ్మి బతుకుతున్నాడు అతను.

అతని పని నలుగురిలో చెప్పుకునే పని కాదు. ముందు మినీ ట్రాక్టరు. దాని వెనక గొలుసులతో కట్టిన ఇనుప దూలం. ఎప్పుడో కూలగొట్టిన షెడ్డులోది. ఒట్టి దూలాన్ని ఈడిస్తే కంకర మీద జారిపోతుందే తప్ప దారి చదును కాదు. అందుకని దాని మీద ఒక మనిషి నిలబడాలి. తాడు పట్టుకుని పడిపోకుండా నిలబడటమే పని. నడపనక్కర్లేదు, మోయనక్కర్లేదు, బుర్ర అసలే అక్కర్లేదు. ఫారంలో అందరూ అతన్ని బరువు అనే పిలుస్తారు. బరువు ఇంకా తింటున్నాడని ఎవరైనా కేకేస్తే, తిననీ, దారి ఇంకాస్త బాగా అణుగుతుందని ఇంకొకరు అంటారు. మొదట్లో ఆ మాటకు అతనూ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. వాళ్లు మాత్రం మానలేదు.

ఈ పనికి పిలిచింది సొంత బావమరిదే. ట్రాక్టరు నడిపేది ఆ బావమరిదే. పని పోగొట్టుకుని ఇంట్లో ఈగలు తోలుకుంటున్న బావను చూడలేక, నాలుగు రోజులు దూలమెక్కు, ఈలోగా ఏదో ఒకటి దొరకదా అన్నాడు. ఆ నాలుగు రోజులు జుట్టు నెరిసేదాకా సాగాయి. సాయంత్రం ఇంటికి వెళితే పెళ్లాం గుమ్మంలోనే ఆపి బకెట్ చూపిస్తుంది. ఎంత రుద్దినా చెవుల వెనక వాసన వదలదు. రాత్రి ఆమె దిండు గోడవైపుకు జరుపుకుని పడుకుంటుంది.

ఆ పొద్దున ఫారం యజమానురాలు దారి పక్కన నిలబడి ట్రాక్టరు ఆపించింది. ముందురోజు పోయిన బండిలో సగం గుడ్ల ట్రేలు గేటు దాటకముందే పచ్చడయ్యాయట. ఈ దూలంతో ఇక వేగలేను, ట్రాక్టరు వెనక తగిలించి దారి చదును చేసే బ్లేడు ఒకటి కొనిపడేద్దాం అంది. నడిపేవాడు ఒకడు, నిలబడేవాడు ఒకడు, మీకు తెలియంది నాకేం తెలుస్తుంది అని ఇద్దరినీ వ్యాను వెనక ఎక్కించుకుంది.

వ్యాను బయలుదేరగానే బావమరిది దగ్గరకు జరిగాడు. జరిగినవాడు వాసనకు మళ్లీ కొంచెం వెనక్కి జరిగాడు.

"బావా, జాగ్రత్తగా విను. అక్కడ పెట్టె బ్లేడని ఒకటుంటుంది. దానికి దాని బరువే చాలు. పళ్లు దిగుతాయి, మట్టి తవ్వుతుంది, ఎత్తులో తీసిన మట్టి గుంటలో పోస్తుంది. దానికి మనిషితో పని లేదు. ఇంకోటి బల్ల బ్లేడు. తేలిక. మీద ఒకడు నిలబడితేగాని కరవదు. ఆమె నిన్నడుగుతుంది. బల్లది అను. నేను తలూపుతా."

"దారికి ఏది మంచిది?"

"దారి సంగతి నీకెందుకు? పెట్టెది కొంటే నువ్వు ఇంట్లో ఉంటావు. నువ్వు ఇంట్లో ఉంటే మా అక్క నా ఇంట్లో ఉంటుంది. నా పెళ్లాం సంగతి నీకు తెలుసు కదా."

తెలుసు. సరేనన్నాడు. అన్నాక రుమాలు తీసి రోడ్డు మీదికి ఉమ్మాడు. గోధుమరంగు జిగురు గాలికి సాగి వ్యాను పక్కకే అతుక్కుంది. ఈ పనంటే అసహ్యం. ఈ పని పోతుందంటే భయం. ఏ పాచి కూటి మీద ఉమ్మేస్తాడో, దాన్ని ఎవరైనా లాక్కుపోతారేమోనని రెండు చేతులూ అడ్డం పెట్టే మనిషి అతనికి కళ్లముందు కనిపించాడు. ఆ మనిషి ముఖం తనదే.

దుకాణం వెనక పెద్ద ఆవరణలో పనిముట్లు వరసగా పెట్టి ఉన్నాయి. కొత్త రంగు వాసన ఘాటుగా ఉంది. దుకాణదారు నున్నగా గీసిన గడ్డంతో, ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. తన పక్కకు ఇతను రాగానే, మాట ఆపకుండానే గాలి వచ్చే వైపుకు మారి నిలబడ్డాడు. అలా మారడం కూడా ఒక మర్యాదే అన్నట్టు నవ్వాడు.

ముందు రెండు బ్లేడ్లున్న పొడుగాటి చట్రం చూపించాడు. దారిని అద్దంలా చేస్తుందన్నాడు. మా షెడ్ల సందుల్లో అది తిరగదని యజమానురాలే తీసిపారేసింది. తర్వాత పెట్టె బ్లేడు. వెనక గోడ, రెండు పక్కలా గోడలు, ముందు వరసగా కిందికి వంగిన ఇనుప పళ్లు. ట్రాక్టరు చిన్నది, పెద్ద పెట్టె తగిలిస్తే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, అందుకని చిన్న సైజు చాలన్నాడు. వెనక చక్రాల జాడలు రెండూ చెరిపేసేంత వెడల్పు ఉంటే సరిపోతుందట. చివరికి బల్ల బ్లేడు. ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. ఎటు కావాలంటే అటు ఏటవాలుగా తిప్పుకోవచ్చు, కాలవలు కూడా తీసుకోవచ్చు అంటూ దాన్ని ఆకాశానికెత్తాడు. యజమానురాలు కాసేపు దీన్నీ కాసేపు దాన్నీ చూసి అతనివైపు తిరిగింది. బావమరిది తలూపడానికి మెడ సిద్ధం చేసుకున్నాడు.

బల్లదే అని అతను అనబోయాడు. ఈలోపు దుకాణదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం. అసలు సౌకర్యం చూపించనే లేదు."

బ్లేడు వెనక కమ్మీకి ఒక చిన్న రేకు అతికించి ఉంది. కాలు జారకుండా బొడిపెలున్న రేకు. సరిగ్గా రెండు పాదాలు పట్టేంత. దాని ముందు నడుమెత్తున పట్టుకోవడానికి అడ్డ గొట్టం. మీలాంటి వాళ్లు అడిగి అడిగి చంపుతుంటే తానే దగ్గరుండి చేయించానన్నాడు. ఏదీ, ఒకసారి ఎక్కు, అమ్మగారు చూస్తారు అన్నాడు.

ఎక్కాడు. పాదాలు రెండూ కొలత తీసి కోసినట్టు రేకులో ఇమిడిపోయాయి. చెయ్యి వెతుక్కోకుండానే గొట్టం మీదికి పోయింది.

"చూశారా? సన్నం, లావు, ఎవరైనా సరే," అన్నాడు దుకాణదారు గొట్టాన్ని తట్టి. "మనిషి మారినా ఇబ్బంది లేదు."

పైనుంచి చూస్తే ఆ బ్లేడు వెనక అలాంటివే ఇంకొన్ని కనిపించాయి. అన్నిటికీ అదే రేకు, అదే గొట్టం. ఇన్నేళ్లూ తాను నిలబడేది ఎవరో పని జరగడానికి అప్పటికప్పుడు చేసుకున్న ఏర్పాటు మీద అనుకున్నాడు. ఇవాళ కాకపోతే రేపు పోతుందనుకున్నాడు. కాదట. ఎవడో కూర్చుని గీత గీశాడు. రేకు కోశాడు, అతికించాడు, రంగు పూశాడు. తనలాంటి వాళ్ల కాళ్లకోసం వరసగా పెట్టి ఉంచాడు. దిగాడు. పూర్తిగా దిగకముందే దుకాణదారు పాత గుడ్డ తీసుకుని, బూట్ల నుంచి రాలిన పెంట పెళ్లల్ని కొత్త రంగు మీద నుంచి విదిలించేశాడు.

"పెట్టెది," అన్నాడతను.

బావమరిది సగం ఊపిన తలను అక్కడే ఆపేశాడు.

"దారికి అదే మంచిదమ్మా."

యజమానురాలు తెలివితక్కువది కాదు. "మరి నువ్వో?" అంది.

"నేను దిగిపోతానమ్మా."

షెడ్లలో చచ్చిన కోళ్లు ఏరే పని ఉంది, కావాలంటే చూడు అందామె. ఆ పని అతనికి తెలుసు. బకెట్టూ తెలుసు, పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చే కాళ్లూ తెలుసు. వెళ్లి, వ్యాను ఎక్కించడానికి పెట్టె బ్లేడుకు ఒక చివర పట్టుకున్నాడు. ఆమె రెట్టించలేదు.

తిరుగుదారిలో పెట్టె బ్లేడుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. బావమరిది నోరు విప్పాడు.

"చేతులారా నోట్లో మట్టి కొట్టుకున్నావు. మా అక్కకు ఏం చెప్తావు?"

"వాసన రాదని చెప్తా."

బావమరిది ముఖం అటు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం బ్లేడు తగిలించి దారిలోకి దించారు. అతను పక్కన నిలబడి చూశాడు. తన దుమ్మును బయటి నుంచి చూడటం అదే మొదటిసారి. ఇంత అసహ్యంగా లేస్తుందా అనుకున్నాడు. షెడ్ల మధ్య మెత్తటి నేలలో పళ్లు చక్కగా దిగాయి. పెట్టె నిండా మట్టి పొర్లి గుంటల్లోకి జారింది. గేటు దగ్గరకొచ్చేసరికి కథ మారింది. బండ్లు తిరిగి తిరిగి అక్కడి నేల బండలా బిగుసుకుపోయింది. చిన్న పెట్టె దాని మీద కీచుమంటూ జారిపోయింది. బావమరిది వెనక్కి వచ్చి మళ్లీ లాగాడు. మళ్లీ అదే కీచు. ఇంజను ఆపకుండా తల తిప్పాడు.

"బావా, ఒక్కసారి ఎక్కవా? ఈ కాస్త ముక్కకే."

అతని కుడికాలు అప్పటికే లేచింది. తనను అడక్కుండానే లేచింది. దాని వంక చూశాడు. చచ్చిన ఎలుకను చూసినట్టు చూశాడు. కాలు కిందికి దించి, షెడ్డు గోడ పక్కన పెంట నింపి పెట్టిన గోనె బస్తాల దగ్గరకు నడిచాడు. ఒకదాన్ని రెండు చేతులా వాటేసుకుని లేపాడు. అడుగు తడిసి ఉంది. పురుగులు చొక్కాకు అంటుకున్నాయి. తెచ్చి పెట్టె మీద కుదేసి, జారకుండా తాడుతో రెండు ముళ్లు వేసి బిగించాడు.

"లాగు," అన్నాడు.

పళ్లు దిగాయి. నేల పెళ్లలుగా లేచింది. బావమరిది ముందుకు చూస్తూ నడపాలి కాబట్టి వెనక్కి చూడలేదు. అతను కంకరతో చేతులు రుద్దుకుని, చొక్కా దులుపుకుని, గేటు దాటి రోడ్డెక్కాడు. ఎవరూ పిలవలేదు.

లోపల ట్రాక్టరు ఇంకో చుట్టు తిరిగింది. దుమ్ములో పెట్టె మీద బస్తా ప్రతి ఎగుడుదిగుడుకూ మెడ ఊపుతూ పోతోంది. దాని మూతి చుట్టూ అప్పటికే ఈగలు ముసిరాయి.